ట్రైక్ రేడియేటర్ ఫ్యాన్ గురించి అల్లుడికి

చిరంజీవి శ్రీనుకి మావయ్య దీవించి రాసేది.

పాత కార్బురేటర్ మారుతి 800 ఇంజన్ వెనక పెట్టి, రేడియేటర్‌ని సీటు వెనక నిలబెట్టి ట్రైక్, అంటే మూడు చక్రాల బండి, కడుతున్నావు. ఫ్యాన్‌కి హ్యాండిల్ దగ్గర ఒక టాగిల్ స్విచ్ పెడితే సరిపోదా అని అడిగావు. సరిపోదు అల్లుడూ. ఆ స్విచ్ వెయ్యడం మరిచిపోయేది మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గరే. ఇంజన్ హెడ్, అంటే పై మూత భాగం, అల్యూమినియంది, ఒక్కసారి గట్టిగా కాగితే వంగిపోతుంది, దాని కిందుండే గాస్కెట్ పట్టీ పోతుంది. టాగిల్ ఉండనీ, తోడుగా. ఫ్యాన్ తిరగాలా వద్దా అన్నది మాత్రం కూలెంటు, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల, వేడిని బట్టి తేలాలి.

వైరింగ్ కంటే ముందు గాలి సంగతి చూడు. కారులో రేడియేటర్ ముందుంటుంది కాబట్టి వేగంగా పోతున్నప్పుడు ఫ్యాన్‌కి పెద్దగా పనుండదు. నీ బండిలో మనిషి వీపూ సీటూ అడ్డం. అక్కడ గాలి సుళ్లు తిరుగుతుంది, ఒక్కోసారి వెనక నుంచి ముందుకే వస్తుంది. రేడియేటర్ మీద ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, పక్క బండి మీద వచ్చేవాడితో వీడియో తీయించు. గాలి ఎటు పోతోందో ఫ్యాన్ కూడా అటే నెట్టాలి. వైర్లు తారుమారు చేస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది గానీ రెక్కల వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది, గాలి బాగా తగ్గిపోతుంది. అటు దిక్కు ఫ్యాన్ వేరే కొనుక్కోవడమే మేలు. ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు చేయించు, రేడియేటర్ జాలీకి (కోర్‌కి) ఫ్యాన్ రెక్కలకి మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదులు, అంచుల్లో ఫోమ్ పట్టీ పెట్టు. తొడుగు లేకపోతే రెక్కల ముందున్న గుండ్రటి భాగమే చల్లబడుతుంది, మూలలు ఊరికే ఉంటాయి.

ఇక థర్మో స్విచ్, అంటే నీళ్ల వేడిని బట్టి దానంతటదే కలిసే స్విచ్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. స్విచ్ మీద 95/90, 88/79 లాంటి అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిది ఫ్యాన్ మొదలయ్యే వేడి, రెండోది ఆగే వేడి, రెండూ డిగ్రీల సెల్సియస్‌లో. ఆ మధ్య తేడా లేకపోతే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు వేసి తీసి రిలేని (చిన్న కరెంటుతో ఫ్యాన్ పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌ని) తినేస్తుంది. నీ ఇంజన్లో థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజన్ కాగేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, 82 దగ్గర తెరుచుకునేది అనుకుందాం. ఇంజన్ నుంచి వేడి నీళ్లు బయటికొచ్చే వైపు స్విచ్ పెడితే 95/90 తీసుకో. అక్కడే 88/79 పెట్టావంటే ఫ్యాన్ మొదలయ్యాక ఇక ఆగదు, ఎందుకంటే వాల్వు ఆ నీళ్లని 79కి దిగనివ్వదు. రేడియేటర్ కింది ట్యాంకులో, చల్లబడిన నీళ్లు తిరిగి పోయే చోట పెడితే 88/79 సరిగ్గా నప్పుతుంది. కొనే ముందు వాల్వు మీద అంకె చదువు. అంగడివాడు ఇచ్చింది జేబులో వేసుకుని రాకు.

స్విచ్ మొన ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. గాలి చేరే పై మూలలో పెడితే, నీళ్లు తగ్గినప్పుడు మొన ఆవిరిలో ఉండిపోతుంది, ఇంజన్ మరుగుతున్నా ఫ్యాన్ కదలదు. ఒకే వైరు ఉండే స్విచ్‌కి ఒళ్లే ఎర్తు (బ్యాటరీ మైనస్‌కి తిరిగి పోయే దారి), కాబట్టి మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకు, రాగి వాషరు వెయ్యి. రబ్బరు హోసు కోసి మధ్యలో లోహపు జాయింటు పెట్టి అందులో స్విచ్ బిగిస్తే ఆ జాయింటుకి ఎర్తే ఉండదు, విడిగా వైరు లాగాలి. బిగించే ముందు పరీక్షించు: పాత గిన్నెలో నీళ్లు కాచి, మొన ముంచి, థర్మామీటరు పెట్టి, మల్టీమీటరు బీప్‌లో పెట్టి స్విచ్ ఏ వేడి దగ్గర కలుస్తోందో చూడు. హైదరాబాద్ ఎత్తుకి నీళ్లు దాదాపు 98 దగ్గరే మరుగుతాయి, 100 పైన పనిచేసే స్విచ్‌ని అక్కడ మామూలు నీళ్లతో తేల్చలేవు.

వైరింగ్‌కి నాలుగు కాళ్ల రిలే చాలు. బ్యాటరీ ప్లస్ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు దాటి రిలే మీద 30 అని రాసి ఉన్న కాలికి. మిగతా అంకెలూ అలాగే కాళ్ల పేర్లే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ఆ తర్వాత వైరు ఎక్కడ రాచుకుపోయినా మంట రాదు. 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి తాళం వేస్తే వచ్చే కరెంటు, చిన్న ఫ్యూజు ద్వారా. 85 నుంచి థర్మో స్విచ్‌కి, అక్కణ్ణించి ఎర్తుకి. నీ టాగిల్ కూడా 85కి ఎర్తుకి మధ్యే, థర్మో స్విచ్‌కి సమాంతరంగా. అప్పుడు ఏది కలిసినా ఫ్యాన్ తిరుగుతుంది. 87 నుంచి హ్యాండిల్ దగ్గరికి చిన్న దీపం లాగు. ఆ దీపం కరెంటు వచ్చిందనే చెబుతుంది, ఫ్యాన్ తిరుగుతోందని కాదు. చెవి కూడా పెట్టు.

ఈ సైజు ఫ్యాన్ తిరిగేటప్పుడు 7 నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు. కాబట్టి ఫ్యాన్ వైర్లు 2.5 చదరపు మిల్లీమీటర్లు, బ్యాటరీ ముందుంటే 4. మైనస్ వైరు కూడా అంతే లావు, తిన్నగా ఇంజన్ బ్లాకుకి. పౌడర్ కోటింగ్ చేసిన ఫ్రేముకి బిగించి ఎర్తయింది అనుకోవద్దు. ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కి, ఫ్యాన్ ప్లస్‌కి మధ్య వోల్టేజి కొలువు, మైనస్ వైపూ అలాగే. రెండూ కలిపి అర వోల్టు దాటితే ఎక్కడో లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) వదులుగా ఉండొచ్చు. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించు, వాన నీళ్లు లోపల నిలవవు.

రిలే లేకుండా తాళం లైను నుంచే ఫ్యాన్ నడపొద్దనడానికి ఇంకో కారణముంది. తాళం తీసినా తిరుగుతూనే ఉన్న ఫ్యాన్ కరెంటు పుట్టించి ఆ లైనులోకే వెనక్కి పంపుతుంది, ఇంజన్ వెంటనే ఆగదు. పైన చెప్పినట్టు కలిపితే ఆ తంటా లేదు. తాళం తీశాక కూడా ఫ్యాన్ తిరగాలా అంటే, నా లెక్కలో అక్కర్లేదు. నీళ్ల పంపు ఆగిపోయాక ఫ్యాన్ రేడియేటర్‌లో ఉన్న నీళ్లనే చల్లబరుస్తుంది, హెడ్‌కి ఒరిగేది తక్కువ, బ్యాటరీ మాత్రం దిగుతుంది. బాగా కాగినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపు.

అంకెలు కనిపించే డిజిటల్ బోర్డు పెట్టాలని ఉంటే పెట్టు, కానీ దాని మీదున్న బుల్లి రిలేతో ఫ్యాన్ నడపకు, దానితో ఈ పెద్ద రిలేని నడిపించు. సెన్సార్ వైరు తెగితే ఆ బోర్డు ఏం చేస్తుందో బిగించే ముందే వైరు పీకి చూడు. ఫ్యాన్ ఆపేసే రకమైతే నాకు నచ్చదు.

చివరగా నీళ్లు నింపడం. మూత ఉన్న చోటే వ్యవస్థ మొత్తంలో ఎత్తైనదిగా ఉండాలి, లేకపోతే గాలి బయటికి రాదు. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటరు పోసి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి ఇంజన్ నడుపు, బుడగలు ఆగేదాకా నింపుతూ ఉండు. తర్వాత మూత పెట్టి ఐడిల్‌లో వదులు. ఫ్యాన్ మొదలై, రెండు మూడు నిమిషాల్లో ఆగి, మళ్లీ మొదలవ్వాలి. వేడి పెరిగినా తిరగకపోతే టాగిల్ వెయ్యి. తిరిగిందా, తప్పు థర్మో స్విచ్‌లోనో దాని ఎర్తులోనో, లోపలి గాలిలోనో ఉంది. రిలే టక్‌మంటున్నా ఫ్యాన్ తిరగకపోతే పెద్ద ఫ్యూజు, ఫ్యాన్ ఎర్తు చూడు. టక్ కూడా లేకపోతే 86కి కరెంటు వస్తోందా, టాగిల్‌కి ఎర్తు అందుతోందా చూడు. ఇదంతా చేసేటప్పుడు చొక్కా చేతులు మడుచుకో, వేళ్లు రెక్కలకి దూరంగా ఉంచు, ఆ ఫ్యాన్ చెప్పి మొదలవ్వదు.

సీటు కింద ఒక రిలే, రెండు 20 ఆంపియర్ల ఫ్యూజులు ఎప్పుడూ పడేసి ఉంచు.

ఇట్లు,
మావయ్య