మోకాలు వాచిన పిల్లాడొస్తే బెణుకే అనేయకు

ఏరా అల్లుడూ,

నిన్న ఫోన్లో చెప్పావు కదా, పదకొండేళ్ల పిల్లాడు సైకిల్ మీంచి పడ్డాడు, గంటలోనే మోకాలు బూరెలా పొంగింది, ఎక్స్‌రేలో ఏం కనపడలేదు, క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపించేశానని. రాత్రంతా అదే ఆలోచన నాకు. ముందు వాణ్ణి వెనక్కి పిలిపించు.

అంత తొందరగా వాచిందంటే లోపల రక్తం చేరిందనే లెక్క. ఈ వయసులో సైకిల్ మీంచి పడితే ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే తాడులాంటి లిగమెంట్, తెగడం కన్నా అది పట్టుకున్న ఎముక ముక్కే లేస్తుంటుంది, అదే టిబియల్ స్పైన్, కింది కాలి ఎముక (టిబియా) పైనుండే మొన. పక్కనుంచి తీసే ఎక్స్‌రే, లేటరల్ వ్యూ, సరిగ్గా పడితేనే కనిపిస్తుంది, పిట్ట ముక్కు తెరిచినట్టు. నీ ఫిల్మ్ కొంచెం తిరిగి ఉంటే అది దొరకదు, మళ్ళీ తీయించు.

అది కాకపోతే చూపుడు వేలితో నొక్కి చూడు. కాలు చాపిస్తే చిప్ప పై అంచు ఎత్తులో తొడ ఎముక గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పెరిగే మెత్తటి పొర, ఉంటుంది, పిల్లల్లో అది లిగమెంట్ కన్నా బలహీనం. అక్కడ చుట్టూతా నొక్కితే వాడు కెవ్వుమన్నాడంటే ఫిల్మ్ ఎంత క్లీన్‌గా ఉన్నా సాల్టర్ హారిస్ టైప్ 1, అంటే ఆ ప్లేట్ దగ్గరే విడిపోయిన విరుపు, అనుకుని తొడ దాకా స్లాబ్ (సగం పిండికట్టు) వేసెయ్, పది పన్నెండు రోజులకి మళ్ళీ ఎక్స్‌రే. తొడ ఎముక పొడుగులో 70 శాతం ఆ ప్లేట్ నుంచే వస్తుంది మరి, ఒక పక్క మూసుకుపోతే కాలు వంకర పోతుంది, అందుకే అతికాక కూడా ఏడాది రెండేళ్లు చూడాలి. వాళ్ల అమ్మానాన్నలకి మొదటి రోజే చెప్పు, తర్వాత చెప్తే నీదే తప్పంటారు.

పాదంలో నాడి చూశావా? టిబియా పై భాగం వెనక్కి జరిగితే రక్తనాళం నలిగిపోతుంది. కాలి వేళ్లు పైకి లాగితే విలవిల్లాడాడంటే కండలకి రక్తం అందట్లేదేమో, పొద్దున చూద్దాంలే అనకు, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపు. నాటు కట్టు బిగించుకుని వచ్చినా అంతే, ముందు కట్టు కోసెయ్.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాలే. బొద్దుగా ఉండే 13 ఏళ్ల అబ్బాయి, మోకాలి నొప్పన్నాడు, రెండు వారాల్లో మూడు సార్లు మోకాలికే ఎక్స్‌రే తీయించా. నాలుగోసారి తొడ మడిస్తే మోకాలు దానంతటదే బయటికి తిరిగిపోయింది, తీరా చూస్తే తుంటి దగ్గర తొడ ఎముక తల గ్రోత్ ప్లేట్ దగ్గర జారి ఉంది, నొప్పి మాత్రం మోకాలిలో తెలిసింది. వాడి ప్యాంటు విప్పించి పరీక్ష చేయలేదు, అంతే నా పొరపాటు.

ఆ లేటరల్ ఫిల్మ్ ఫోటో తీసి వాట్సాప్ చెయ్, మెలకువగానే ఉంటా.

మీ మావయ్య