బొమ్మల కథని సిరీస్ చేసేముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

అబ్బయా, నువ్వు పంపిన బొమ్మల కథ ఆరు సంచికలూ చదివాను. సైదాపురం అభ్రకం గనిలో పోయిన పిల్ల మామూలు కళ్ళకి కనపడకుండా, అభ్రకం రేకు అడ్డం పెట్టుకుంటేనే కనపడటం చాలా మంచి ఊహ. మన వైపు అభ్రకానికి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది గనక దయ్యానికి రంగు కూడా దొరికింది. దీన్ని వెబ్ సిరీస్‌గా తీస్తానంటున్నావు, తియ్యి. అయితే కెమెరా అద్దెకి అడ్వాన్సు ఇవ్వకముందే కాయితం మీద తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు దయ్యం నియమాలు రాయి. ఒక్క పేజీ చాలు. ఎవరికి కనపడుతుంది, ఎప్పుడు, దేన్ని ముట్టుకోగలదు, ఏం తెలుసు, ఏం తెలియదు. ఇలాంటి కథలన్నీ కూలిపోయేది ఒకే చోట: తన్ని చంపిందెవరో ఆ పిల్లకి తెలిస్తే మొదటి భాగంలోనే ఎందుకు చెప్పదు? నీ కథలో ఆమె మాట్లాడదు. బొమ్మలో ఆ మౌనం బాగుంది, పాఠకుడు తనే పూరించుకుంటాడు. తెర మీద మూడు గంటలపాటు తలూపుతూ నిలబడితే మాత్రం కథ నడవడం కోసం రచయితే ఆమె నోరు నొక్కాడని తెలిసిపోతుంది. కాబట్టి ఆమెకి నిజంగానే తెలియకుండా చెయ్యి. వెనకనించి తోశారు, మొహం చూడలేదు. తన చేతులు తాకిన వస్తువులు మాత్రమే ఆమెకి గుర్తుంటాయి. ఈ నియమం పెడితే ప్రతి సాక్ష్యమూ ఒక వస్తువు అవుతుంది, వస్తువుని కెమెరాకి చూపించొచ్చు. నాలుగో భాగంలో ఇరుక్కున్నావని నియమం సడలించావో, చూసేవాడు అక్కడితో ఊహించడం మానేస్తాడు.

రెండోది హీరో ఉద్యోగం. దీని మీద బాగా ఆలోచించు. ‘ఐజాంబీ’ అని ఒక అమెరికన్ బొమ్మల కథ ఉంది. క్రిస్ రాబర్సన్ రాశాడు, మైకేల్ ఆల్‌రెడ్ బొమ్మలు వేశాడు, 2010 నించి 2012 దాకా 28 సంచికలు వచ్చాయి. అందులో అమ్మాయి ఆరెగాన్ రాష్ట్రం యూజీన్ ఊళ్ళో శ్మశానంలో గోతులు తవ్వే పనిలో ఉంటుంది. నెలకోసారి చచ్చినవాళ్ళ మెదడు తినకపోతే ఆమె మనిషిగా ఉండలేదు, తిన్నప్పుడల్లా వాళ్ళ జ్ఞాపకాలు వస్తాయి. 2015లో టీవీకి తీసినప్పుడు ఆ అమ్మాయి పేరూ ఊరూ మార్చి, సియాటిల్ మార్చురీలో ఉద్యోగం ఇచ్చారు. శవం వచ్చిందంటే కేసు వచ్చినట్టే. అనుమానపు చావులే అక్కడికి వస్తాయి, డిటెక్టివ్ కూడా అక్కడికే వస్తాడు. దానికితోడు చనిపోయినవాళ్ళ స్వభావం కూడా కొన్నాళ్ళు ఆమెకి అంటుకునేలా చేశారు. దాంతో నటికి ప్రతి భాగంలో కొత్త పని దొరికింది. కామిక్‌లో ఆమె పక్కనుండే ఆడదయ్యాన్నీ, కుక్కగా మారే కుర్రాణ్ణీ తీసేశారు. ఆ సిరీస్ అయిదు సీజన్లు, 71 భాగాలు నడిచింది. కామిక్ అభిమానులకి బాధ కలిగే మార్పులే అవి, కానీ వారం వారం కథ నడిపే యంత్రం అందులోనించే వచ్చింది.

నీ హీరో ఊరూరూ తిరిగే ఫోటోగ్రాఫర్. ఫోటోగ్రాఫర్ దగ్గరికి రహస్యం తనంతట తను రాదు, వాడే వెతుక్కుంటూ పోవాలి. ప్రతిసారీ ‘వీడు ఇక్కడికి ఎందుకొచ్చాడు’ అని సమాధానం చెప్పుకోవడానికే నీకు పది నిమిషాలు పోతాయి. వాణ్ణి రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటర్‌ని చెయ్యి. పాత దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఆస్తి ఎవరెవరి చేతులు మారిందో చెప్పే ఈసీలు, సంతకం రానివాళ్ళ వేలిముద్రలు అన్నీ వాడి బల్ల మీదికే వస్తాయి. పొలం తగాదా పడ్డ అన్నదమ్ములొస్తారు, వీలునామా దొంగదంటూ ఆడబిడ్డ వస్తుంది. చనిపోయినవాళ్ళ వేలిముద్ర మీద అభ్రకం రేకు పెట్టి చూశాడంటే భాగానికో కేసు దొరుకుతుంది. ఆఖరికి దొరకాల్సింది గని లీజు కాయితమే గనక పెద్ద కథ కూడా వాడి బల్ల మీదే మొదలవుతుంది.

ఇప్పుడు కొలతలు. సంచికకి 22 పేజీల చొప్పున నీ దగ్గర 132 పేజీలున్నాయి. పేజీకి నిమిషం అని గుణించుకోకు. స్క్రిప్టు పేజీకి సుమారుగా ఆ లెక్క పనికొస్తుంది, బొమ్మల పేజీకి పనికిరాదు. మాటల్లేని నాలుగు గడుల పేజీ ఇరవై సెకన్లలో అయిపోతుంది, పంచాయతీ జరిగే పేజీ రెండు నిమిషాలు పడుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి పేజీ పైకి చదివి, మార్జిన్‌లో సెకన్లు రాసుకో. అరగంట భాగాలు ఆరింటికి నీ కథ సరిపోదు, మూడో సంచిక దగ్గరే పల్చబడుతుంది. అక్కడే పైన చెప్పిన కేసులు అమర్చుకో. గడి పక్కన రాసిన మనసులో మాటలు గొంతుతో చదివించకు. హీరో ఎవరి దగ్గర అబద్ధం ఆడాలో ఆ మనిషిని కల్పించు. ఆఫీసు అటెండరో, వాళ్ళ పిన్నమ్మో అయినా చాలు. దాచిపెడుతున్నాడని కనపడితే ఏం అనుకుంటున్నాడో చూసేవాడికి అందుతుంది.

ఆధారాల చిట్టా వేరే నోటుబుక్కులో పెట్టు. ఆధారం మొదట ఎక్కడ కనపడింది, దాన్ని ఎవరు తప్పుగా అర్థం చేసుకున్నారు, ఎక్కడ విప్పావు, ఈ మూడు వరసలు ఉండాలి. పాఠకుడు పేజీ వెనక్కి తిప్పి చూస్తాడు, టీవీ చూసేవాడు తిప్పడు. రెండో సంచికలో గడి మూలన నువ్వు వేసిన విరిగిన తక్కెడ నాకే రెండోసారి చదివితే గానీ కనపడలేదు. తెర మీద దానికి సొంత షాట్ ఉండాలి, పైగా కనీసం రెండు భాగాల్లో కనపడాలి. ఒకసారి తగాదా మధ్యలో చూపించు, చూసేవాడి దృష్టి తగాదా మీద ఉంటుంది కానీ తక్కెడ కంట్లో పడి ఉంటుంది.

రేకు షాట్లకి గ్రాఫిక్స్ వద్దు. నిజం రేకే వాడు. మందంగా ఉంటే చీకటి పడుతుంది, పొర మీద పొర విడదీసి కాయితమంత పల్చన చెయ్యి. లెన్స్‌కి నాలుగైదు అంగుళాల దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టుకోవాలి. నిటారుగా పెడితే కెమెరా నీడే అందులో కనపడుతుంది. వెలుగు పక్కనించి రావాలి, కెమెరా వెనక నల్లగుడ్డ కట్టాలి. ఆటోఫోకస్ తప్పకుండా ఆపెయ్యి, లేకపోతే అది మాటిమాటికీ రేకు మీదికే పోతుంది. రేకు అంచు, దాని మరకలు ఫ్రేములో ఒక పక్కన కనపడనీ. అవి ఉంటేనే ఇది హీరో చూపు అని తెలుస్తుంది.

రాత్రి సీన్లన్నీ అర్ధరాత్రి తీయనక్కర్లేదు. పొద్దుగూకాక ఇరవై నిమిషాలపాటు ఆకాశంలో నీలం ఉంటుంది, బయటి సీన్లు రోజుకొకటి చొప్పున అప్పుడు తియ్యి. రిహార్సల్ మాత్రం పైటేలే అయిపోవాలి. అక్టోబరు నించి డిసెంబరు దాకా మనకి వానలూ తుఫాన్లూ, ఆ నెలల్లో బయటి షూటింగ్ పెట్టుకోకు. జనవరి, ఫిబ్రవరి అనుకూలం. మైపాడు దగ్గర తీసే సీన్లో సముద్రం హోరు మాటల్ని మింగేస్తుంది. అక్కడ మాటలు తగ్గించి రాయి, ప్రతి చోటా ఒక నిమిషం ఉత్త శబ్దం విడిగా రికార్డు చేసుకో.

వదిలేసిన గని గోతుల దగ్గరికి ఎవర్నీ తీసుకుపోవద్దు. అంచులు గుల్లగా ఉంటాయి, లోపల నీళ్ళెంత లోతో పైకి తెలియదు. పొలంలో మెట్ల బావి చూసుకో, కెమెరా కింద పెట్టి తీస్తే గనిలాగే ఉంటుంది. పోలేరమ్మనీ దర్గాలనీ భయం పుట్టించడానికి వాడొద్దు. అవి జనం మొక్కుకునే చోట్లు, వాళ్ళ మధ్యే నువ్వు బతకాలి.

మాటలు మన నెల్లూరు మాటలే ఉండనీ. ‘ఎట్టా’, ‘యాడికి’, ‘జాస్తి’ లాంటివి డబ్బింగ్‌లో సాపు చేసేస్తారు. అందుకే గొంతులు కూడా ఇక్కడివాళ్ళవే పెట్టు.

ఇక బొమ్మలు వేసిన నీ స్నేహితుడి సంగతి. కథ నీదే, బొమ్మల మీద హక్కు అతనిది. పిల్ల రూపం, గని రూపం సిరీస్‌లో వాడుకోవాలంటే అతని సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే బదిలీ అయిదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే వర్తిస్తుంది. ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుంటే తప్ప అది రద్దయిపోతుంది. నీకు తీయడానికే రెండేళ్ళు పడుతుంది గనక గడువు, ప్రాంతం, ఏ మాధ్యమాలు, డబ్బింగు, అతనికిచ్చే వాటా అన్నీ విడివిడిగా రాయించు. స్నేహం చెడకూడదనే ఇంత గట్టిగా చెప్తున్నా.

మొదటి రెండు భాగాల స్క్రిప్టు అయ్యాక నియమాల పేజీ, చిట్టా నోటుబుక్కు కలిపి పంపు. ఆ రెండూ లేకుండా స్క్రిప్టు ఒక్కటే పంపితే నేను సరిగ్గా చెప్పలేను.

ఇట్లు,
మీ మామ