లంబసింగికి మంచు తప్ప చరిత్ర ఏమైనా ఉందా?

"డిసెంబరులో లంబసింగి వెళ్తున్నాం, అక్కడ మంచు తప్ప చరిత్ర ఏమైనా ఉందా?" అని అడిగారు. ఈ ప్రశ్న చూసి రెండు రోజులు ఆగాను. వెంటనే రాస్తే కోపంగా రాసేవాణ్ణి. చింతపల్లి మండలంలో పదకొండేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఉందండీ. మీరు ఎక్కి వెళ్ళే రోడ్డే ఆ చరిత్ర.

1998 శీతాకాలంలో నర్సీపట్నం నుంచి వస్తున్న మా బస్సు డౌనూరు దాటాక ఘాట్‌లో ఆగిపోయింది. ఇంజను వేడెక్కితే కండక్టరు డబ్బా పట్టుకుని నీళ్ళకి వాగులోకి దిగాడు. మాతోపాటు దిగిన ఒక తాత, డెబ్భై దాటి ఉంటాయి, అడ్డాకులు అమ్మి ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని వస్తున్నాడు. మలుపులో ఉన్న రాతిగోడ మీద మూట దించి, ఆ గోడని అరచేత్తో తట్టాడు.

"ఇది మా అయ్యోళ్ళు మోసిన రాయి మాస్టారూ."

పొద్దు పొడవకముందే ఊళ్ళోకి మనుషులొచ్చి లేపేవారట. పోడులో, అంటే అడవి నరికి చేసుకునే సాగులో, కలుపు తీసే రోజులైనా సరే రోడ్డు పనికి వెళ్ళాల్సిందే. అంబలి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. చంటిపిల్లల్ని వీపుకి కట్టుకుని ఆడవాళ్ళు గంపలతో రాళ్ళు మోశారట. రానన్నవాడికి దెబ్బలు, కూలి ఏదన్నవాడికీ దెబ్బలే. "రోడ్డయ్యాక మా అయ్య దీని మీద కాలు పెట్టలేదు. సచ్చీదాకా అడ్డదారినే ఎక్కీవోడు, అడ్డదారినే దిగీవోడు" అన్నాడు. బస్సు కదిలేదాకా ఆ గోడ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. లంబసింగి ఉన్న ఈ గూడెం కొండల గురించి ఇంతకంటే విలువైన మాట ఏ పుస్తకంలోనూ లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ పని చేయించింది ఎవరో తాత చెప్పలేదు గానీ, ఆ పేరు చరిత్రలో ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. రోడ్డు పనికి మనుషుల్ని తోలి, రావలసిన కూలి తినేశాడు. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం అప్పటికే నేరమై కూర్చుంది. తిండీ పోయి, పైన వెట్టి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద ఈ కొండల జనం సీతారామరాజు గారి వెంట పడి తుపాకులు పట్టుకెళ్ళింది ఊరికే కాదు. అల్లూరి సీతారామరాజు గారంటే నాకు ప్రాణం. కానీ ఆయన రాకముందే ఈ కొండల్లో నిప్పు రాజుకుని ఉందని గట్టిగా చెబుతాను.

నా బాధంతా ఇక్కడే. అందరూ 1924 మే 7న ఆయన మరణంతో కథ ముగించేస్తారు. బాస్టియన్ చేతిలో మునసబు పని పోగొట్టుకుని ఆయన వెంట నడిచిన గాం గంటందొర ఏమయ్యాడు, గంటందొర తమ్ముడు మల్లుదొర ఏమయ్యాడు అని ఎవరూ అడగరు. మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్ళి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. ఆ సంగతి మా తొమ్మిదో తరగతిలో ఒక్క పిల్లాడికీ తెలియదు, వాళ్ళ కొండ మనిషే అయినా. బోర్డు మీద ఆ పేరు రాసి, అందరి చేతా నోటు పుస్తకాల్లో ఎక్కించాను.

ఇంకో మాట. దయచేసి లంబసింగిని "ఆంధ్రా కాశ్మీర్" అనకండి. ఆ ఊరికి కొర్రబయలు అని సొంత పేరుంది. బయట పడుకుంటే కొర్రులా, అంటే కట్టెలా, బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. మంచు మేఘాలు చూడ్డానికి చెరువులవేనం కొండెక్కితే టీ తాగిన గ్లాసులు సంచిలో వేసుకుని కిందకి తెచ్చుకోండి. వదిలేస్తే ఏరేది ఆ ఊరి ఆడవాళ్ళే.

ఘాట్‌లో పాత రాతిగోడలు కనిపిస్తే ఒక్క నిమిషం బండి ఆపండి. చింతపల్లి సంత రోజు కలిసొస్తే రాజ్మా, పిప్పళ్ళు అమ్ముకునే పెద్దవాళ్ళ దగ్గర ఏదో ఒకటి కొని, వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. రోడ్డు వేసిన రోజుల గురించి ఇంట్లో పెద్దలు ఏం చెప్పేవారని అడగండి.