ముఖం నీళ్లలో పెడితేనే భయపడేవారు అండమాన్‌లో స్నార్కెలింగ్ చేయగలరా?

చేయగలరు. రాజోలు దగ్గర కాలువ గట్టున పుట్టి పెరిగి కూడా నలభై ఏళ్లు దాటే వరకు మెడలోతు నీళ్లలోకి దిగని దాన్ని నేను. అలాంటిది అండమాన్‌లో మాస్కు పెట్టుకుని, నోట్లో పట్టుకున్న గొట్టంతో ఊపిరి తీస్తూ, పగడపు దిబ్బల మీద బోర్లా తేలుతూ చేపలను చూసి వచ్చాను. స్నార్కెలింగ్ అంటే అదే. ఫిబ్రవరిలో అమలాపురం నుంచి కుటుంబమంతా వెళ్తున్నామని, పిల్లలు స్నార్కెలింగ్ అని కలవరిస్తున్నారని, మీకు మాత్రం ముఖానికి నీళ్లు తగిలితేనే ఊపిరి అందనట్టు ఉంటుందని రాశారు. ఒడ్డున బట్టలకు కాపలా కూర్చోవడమే మేలా అని అడిగారు. అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి, ఇంకా వ్యవధి ఉంది.

ముందు ఒక సంగతి. ఈ భయానికి మీరు సిగ్గుపడవలసిన పనిలేదు. మన చుట్టూ గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠ, వైనతేయ, వాటి కాలువలు. ఎటు చూసినా నీళ్లే. కానీ ఆ నీళ్ల అడుగున ఏముందో మనమెప్పుడూ చూడలేదు. గోదావరి తెచ్చే ఒండ్రు వల్ల అంతర్వేది దగ్గర, ఓడలరేవు దగ్గర సముద్రం కూడా మట్టి రంగులోనే ఉంటుంది. మన పొలాలకు ప్రాణం పోసిన ఆ ఒండ్రే ఇక్కడ పగడాలు పెరగకపోవడానికి కారణం. వాటికి తేటగా ఉండి, వెలుగు దిగే ఉప్పునీరు కావాలి. సుడి ఉంటుంది, లోతు తెలియదు, దిగవద్దు అని పెద్దవాళ్లు చెప్పి పెంచారంటే అది ఈ నీళ్లను ఎరిగి చెప్పిన జాగ్రత్త. అండమాన్ నీళ్ల తీరు వేరు, అంతే.

ఇక అసలు విషయం. స్నార్కెలింగ్‌లో మనల్ని భయపెట్టేది లోతు కాదు, ఊపిరి. మాస్కు కళ్లతో పాటు ముక్కును కూడా మూసేస్తుంది. ముక్కుతో పీల్చడం అలవాటైన మనిషి ముఖం నీళ్లలో పెట్టగానే తెలియకుండానే ముక్కుతోనే పీలుస్తుంది. గాలి రాదు, పైగా మాస్కు ముఖానికి బిగుసుకుంటుంది. ఇక గుండె దడ మొదలవుతుంది. రెండోది, భయపడినవాళ్లు గబగబా పీలుస్తారే గానీ పూర్తిగా వదలరు. ఊపిరాడనట్టు అనిపించడానికి కారణం ఎక్కువగా ఆక్సిజన్ చాలకపోవడం కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. మనం వదిలిన గాలి గొట్టంలో కొంత మిగిలే ఉంటుంది. పైపైన ఊపిరి తీస్తే ఆ పాత గాలే మళ్లీ లోపలికి పోతుంది. అందుకే నిదానంగా, చివరిదాకా వదలండి. పీల్చడం దానంతట అదే జరుగుతుంది. నేను చెప్పగలిగిన ముఖ్యమైన మాట ఇదొక్కటే.

దీన్ని సముద్రంలో నేర్చుకోనక్కరలేదు, ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. మాస్కు, గొట్టం ఇక్కడే కొనుక్కోండి. మొదట నీళ్లు లేకుండానే మాస్కు పెట్టుకుని, గొట్టం పంటి కింద పట్టుకుని, కూరలు తరుగుతున్నంతసేపు నోటితోనే ఊపిరి తీయండి. అది విసుగు పుట్టేంత మామూలు అయ్యాక నీళ్ల దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో పెళ్లిళ్లకు వాడే పాత ఇత్తడి గంగాళం ఉంది. దాన్ని పెరట్లో అరుగు మీద పెట్టి నింపుకుని, రెండు చేతులతో అంచు పట్టుకుని ముఖం ఉంచేదాన్ని. మా అమ్మాయి పక్కన నిలబడి చెంబుతో గొట్టం పైనుంచి కాసిన్ని నీళ్లు పోసేది. అలలు వచ్చినప్పుడు జరిగేది అదే కదా. నీళ్లు నోటికి తగలగానే తల ఎత్తకుండా, ఉన్న గాలితో ఒక్కసారి గట్టిగా ఊదితే గొట్టంలోని నీళ్లన్నీ పైకి చిమ్ముతాయి. చివరిదాకా వదలమన్నాను గానీ, అలా ఊదడానికి సరిపడా కాస్త గాలి మాత్రం ఛాతీలో ఎప్పుడూ నిలవ ఉంచుకోవాలి. ఆ ఊదడం చేతనైన రోజున నా భయంలో పెద్ద భాగం పెరట్లోనే పోయింది.

తర్వాత కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఈత కొలనుకు వెళ్లండి. లేదా ఈత వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని, మెట్లున్న ఊరి చెరువులో నడుము లోతు వరకే దిగండి. కాలువలో వద్దు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదిలే రోజుల్లో వడి ఎక్కువగా ఉంటుంది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అసలే వద్దు. నదీ సముద్రమూ కలిసే చోట ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పలేం.

మాస్కు కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా పీల్చండి. చేయి తీసినా అతుక్కుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. వెంట్రుకలు, బొట్టుబిళ్ల అంచు కింద ఇరుక్కుంటే నీళ్లు కారతాయి. ముఖం మీద కొబ్బరినూనె జిడ్డు ఉంటే మాస్కు జారుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని మాస్కు వేసుకోలేం, కాబట్టి మీకు చూపు తక్కువైతే పవర్ అద్దాలున్న మాస్కు తీసుకోండి. మసక పట్టకుండా పిల్లల షాంపూ ఒక చుక్క లోపలి అద్దానికి రాసి కడిగేస్తే చాలు. ముక్కుతో కూడా పీల్చవచ్చు కదా అని ముఖమంతా కప్పే మాస్కు మాత్రం కొనకండి. నాసిరకం వాటిలో వదిలిన గాలి లోపలే పేరుకునే ప్రమాదం ఉంది, కంగారులో చటుక్కున తీయడమూ కష్టం.

మేము దిగింది హేవ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌లో. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. జెట్టీ దగ్గర బోటు ఎక్కాలి. అక్కడ గైడు ఒక ట్యూబు ఇచ్చి, దాన్ని మనం పట్టుకుంటే తాను ఈదుతూ లాక్కెళతాడు. నేను మాత్రం నడుము లోతులో కాసేపు ఉండనిమ్మని ముందే చెప్పాను. చేయి పైకెత్తితే వెంటనే ఒడ్డుకు తీసుకురావాలని కూడా మాట తీసుకున్నాను. మా వారికీ పిల్లలకూ బోటులోనే చెప్పేశాను: నన్ను తొందరపెట్టవద్దు, చేయి పట్టి లాగవద్దు, వీడియో తీయవద్దు. మీరు కూడా ఇది తప్పకుండా చెప్పండి. "ఏమీ కాదు, దిగు" అని చుట్టూ చేరి కేకలు వేసేవాళ్లు ప్రేమతోనే అంటారు, కానీ ఆ కేకలకే ఊపిరి తప్పుతుంది. మా తోడికోడలు ఏమీ మాట్లాడకుండా నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నాకు ఎంతో ఉపకారం చేసింది.

ముఖం నీళ్లలో పెట్టగానే మొదట కనిపించినవి నా కాలి మెట్టెలే. తెల్లటి ఇసుకలో మెరుస్తున్నాయి. బుద్ధెరిగాక నీళ్లలో నా కాళ్లను నేను అంత స్పష్టంగా చూసుకోవడం అదే మొదలు. చారల చిన్న చేపలు పాదాల చుట్టూ తిరిగి వెళ్లాయి. కాసేపటికి గైడుకు తల ఊపాను. ఇంకొంచెం లోపల చిలుక ముక్కులాంటి నోరున్న పచ్చటి చేప ఒకటి రాయిలాంటి పగడాన్ని కొరుకుతుంటే ఆ పటపట శబ్దం కూడా నాకు వినిపించింది.

రెండు విషయాలు ముందే తెలిసి ఉండడం మంచిది. గాజు, నీళ్ల మధ్య వెలుగు వంగడం వల్ల మాస్కులోంచి చూస్తే ప్రతిదీ సుమారు మూడో వంతు పెద్దదిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. మీదికొస్తున్నట్టున్న చేప నిజానికి చిన్నది, దూరంగానే ఉంది. రెండోది, దిబ్బ అంచు దగ్గర అడుగు ఒక్కసారిగా కిందికి పోయి నీలం తప్ప ఏమీ కనిపించదు. మేడ మీదినుంచి తొంగిచూసినట్టు కళ్లు తిరుగుతాయి. అప్పుడు కిందికి చూడవద్దు. ట్యూబు మీదున్న మీ వేళ్లను చూస్తూ ఊపిరి పూర్తిగా వదలండి, చేయెత్తండి. నీళ్లు ఎంత లోతున్నా లైఫ్ జాకెట్ మిమ్మల్ని పైనే తేలుస్తుంది. పైగా సముద్రపు నీరు లీటరుకు మంచినీటి కంటే సుమారు 25 గ్రాములు బరువెక్కువ, కాబట్టి మన చెరువులో కంటే అక్కడ తేలడం తేలిక. ఫిన్స్ (ఈతకు పాదాలకు తొడిగే రెక్కలు) వేసుకున్నా వేసుకోకపోయినా పగడాల మీద నిలబడకండి. అవి బతికున్న జీవులు, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అంచులు తగిలి మన కాళ్లూ తెగుతాయి.

గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే దిగాలి. మీ అత్తగారు కూడా వస్తున్నారన్నారు కాబట్టి ఆవిడ కోసం ఇది: వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో జాలీబాయ్ దీవి ఉంది. అక్కడ అడుగున అద్దం అమర్చిన బోటులో కూర్చుని పగడాలు చూడవచ్చు. ముందుగా అనుమతి తీసుకోవాలి, ప్లాస్టిక్ సీసాలు తీసుకువెళ్లనివ్వరు. మీరు కూడా మొదట ఆవిడతో పాటు అందులో ఒకసారి చూసి, ఆ మర్నాడు నీళ్లలోకి దిగితే ఇంకా మంచిది. ఫిబ్రవరిలో సముద్రం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది. వీపు కాలకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు) స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, బోటు మాట్లాడుకునేటప్పుడే తెలుగు వచ్చిన గైడు ఉన్నాడేమో అడగండి. కంగారులో మన నోట వచ్చే మాట అతనికి అర్థం కావాలి.