రెండేళ్ళ అనుభవ పత్రం గురించి మేనల్లుడికి

బాబూ,

ప్రభువు నామంలో శుభములు. నీ ఉత్తరం చదివి రాత్రి సరిగా నిద్రపోలేదు. చదువు ముగిసి పద్నాలుగు నెలలయింది. అమీర్‌పేటలో కోర్సు కూడా చేశావు. ఇప్పుడు ఒక మధ్యవర్తి, చేయని ఉద్యోగానికి రెండేళ్ళ అనుభవ పత్రం, జీతం స్లిప్పులు ఇప్పిస్తానంటున్నాడు. నీ గదిలోని ముగ్గురూ అలాగే చేరారన్నావు. పైగా, వేగులవారిని దాచి అబద్ధమాడిన రాహాబు పేరు బైబిలులోని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసుల వరుసలో ఉంది కదా అని అడిగావు.

అడగదగ్గ ప్రశ్నే. ప్రాచీన క్రైస్తవ పండితుడు అగస్టీను ఏ అబద్ధాన్నీ ఒప్పుకోలేదు. రాహాబునూ, మగబిడ్డలను చంపమన్న ఫరోకు అబద్ధం చెప్పి వాళ్ళను బతికించిన ఐగుప్తులోని మంత్రసానులనూ దేవుడు మెచ్చింది వారి కనికరాన్ని చూసేనన్నాడు. అంత కఠినంగా చెప్పని పెద్దలూ ఉన్నారు. నేను మాత్రం, ఆ అబద్ధం ఎవరి కోసం, దాని నష్టం ఎవరి మీద పడింది అని చూస్తాను. మంత్రసానులు పసిబిడ్డల కోసం ఫరో కోపానికి తమ ప్రాణాలొడ్డారు. నీ పత్రం ఎవరిని కాపాడుతుంది? నీలాగే అనుభవం లేదని నిజం రాసిన మరో పేదింటి పిల్లవాడిని వెనక్కి నెడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వెళ్ళని ఊరికి వెళ్ళినట్టు ప్రయాణ భత్యం బిల్లు పెట్టాను. అందరూ పెట్టేవారు. చాలా ఏళ్ళకు నా కింద పనిచేసే కుర్రవాడు అలాంటి బిల్లే తెచ్చాడు. కాదనడానికి నోరు రాలేదు, సంతకం చేశాను. మొదటి బిల్లు కన్నా ఆ సంతకమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

బబులోనుకు చెరపట్టబడిన దానియేలు అక్కడి రాజుగారి భోజనం వద్దన్నప్పుడు ఎవరితోనూ గొడవపడలేదు. పది రోజులు శాకాహారం, నీళ్ళు మాత్రమే ఇచ్చి పరీక్షించి చూడండని వేడుకున్నాడు. నువ్వూ ఖాళీగా ఉన్న కాలాన్ని ఉన్నది ఉన్నట్టు రాయి. కోర్సులో స్వయంగా చేసిన పని చూపించు. "అనుభవం లేదు, ఏదైనా పని ఇచ్చి చూడండి" అని అడుగు. చిన్న సంస్థయినా, జీతం తక్కువైనా చేరు. మధ్యవర్తికి బయానా ఇచ్చి ఉంటే ఆ డబ్బు వదులుకో. గదిలోని స్నేహితులకు తీర్పు తీర్చవద్దు. వాళ్ళ ఇళ్ళలో ఏ అప్పులున్నాయో మనకు తెలియదు.

ఇంత చెప్పి, కష్టమంతా నిన్నే పడమనడం న్యాయం కాదు. ఆరు నెలల గది అద్దె నా పింఛనులోంచి పంపుతాను. అక్కతో నేను మాట్లాడతాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను చెయ్యి.

మీ మామయ్య