పీటల మీద కూర్చోగలనా? చిన్న వయసులో మోకాలి మార్పిడి: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 29 ఏళ్ళు, జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. పందొమ్మిదో ఏట మొదలైన రుమటాయిడ్ కీళ్ళవాతం వల్ల ఎడమ మోకాలు పూర్తిగా అరిగిపోయి, ఏడు వారాల క్రితం మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నాను. అంతకు ముందు 80 డిగ్రీలే వంగే కాలు ఇప్పుడు 85 వరకు వంగుతోంది. చాపినప్పుడు మాత్రం ఇంకా పది డిగ్రీల వంపు మిగిలిపోతోంది. రాత్రిళ్ళు పోటుతో నిద్ర పట్టదు. మోకాలు వేడిగా ఉంటుంది, కుట్లకు బయటివైపు స్పర్శ లేదు, నడిస్తే లోపల టక్కుమంటుంది. నా తర్వాత చేయించుకున్న మా వీధిలోని 66 ఏళ్ళ పెద్దావిడ అప్పుడే గుడికి నడిచి వెళ్తున్నారు. నాలుగు నెలల్లో నా పెళ్ళి. పీటల మీద కూర్చోగలనా? ఈ కీలు ఎన్నాళ్ళు పనిచేస్తుంది? పిల్లల విషయంలో ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఆ పెద్దావిడ సంగతి. ఆమెది వయసుతో వచ్చిన అరుగుదల అయి ఉంటుంది. అటువంటి మోకాలు ఆపరేషన్ నాటికి 110, 120 డిగ్రీలు వంగుతూనే ఉంటుంది. మీది పదేళ్ళ వాపుతో బిగుసుకుపోయిన మోకాలు. కొత్త కీలు ఎంత వంగుతుందన్నది, పాతది చివరి రోజున ఎంత వంగేదన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. అందువల్ల ఆమె నడకతో మీ నడకను పోల్చుకోవడం ఇద్దరికీ న్యాయం కాదు.

జనం దీన్ని 'మోకాలి చిప్పల మార్పిడి' అంటారు గానీ నిజానికి మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగంలో అరిగిన పొరలను తొలగించి లోహపు తొడుగులు అమర్చి, వాటి మధ్య గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెడతారు. మీకు వినిపించే టక్కుమన్న చప్పుడు లోహం ఆ ప్లాస్టిక్‌ను తాకే చప్పుడే. నొప్పి గాని, కాలు జారినట్టు అనిపించడం గాని లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర లేదు. కోతలో ఒక సన్నని చర్మనాడి తెగడం వల్ల బయటివైపు స్పర్శ పోతుంది. ఆ మొద్దుబారిన మేర కాలక్రమంలో తగ్గుతుంది, కొంత శాశ్వతంగానూ మిగలవచ్చు. మోకాలు వెచ్చగా ఉండడం ఆరు నెలల వరకు, నిద్ర చెదరడం మూడు నెలల వరకు చాలామందిలో చూస్తాం. అయితే ఆ వేడితో పాటు ఎరుపు పెరిగినా, గాయం నుంచి చెమ్మ కారినా, జ్వరం వచ్చినా అది వేరే సంగతి. ఆ రోజే ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించాలి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు పరీక్ష చేయించాలి. ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది 85 కాదు, ఆ పది డిగ్రీలు. వంగని మోకాలితో కుర్చీ మీద కూర్చుని బతుకు వెళ్ళదీయవచ్చు; చాపలేని మోకాలితో వేసే ప్రతి అడుగులోనూ తొడ కండరం బరువు మోయవలసి వస్తుంది, నడకలో కుంటు మిగిలిపోతుంది. మీరు రాయలేదు గానీ, రాత్రి హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకుంటున్నారని నా అనుమానం. ఇళ్ళలో అమ్మలు ప్రేమతో చేసే పని అది, కాలికి చేటు చేసేదీ అదే. ఆ దిండును ఇవాళే తీసేయండి. దానికి బదులు చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టి, మోకాలు గాలిలో కిందికి వాలేలా పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పడుకోండి. అదే సమయంలో తొడ కండరాన్ని బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఆ కండరం బలం సగానికి పైగా పడిపోతుంది కనుక, మంచం మీద కాలు తిన్నగా పైకెత్తే వ్యాయామం మానవద్దు. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర, తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టుకుంటే రాత్రి పోటు కూడా తగ్గుతుంది.

వంగడం విషయంలో కాలయాపన పనికిరాదు. పన్నెండు వారాలలోపు అయితే మత్తు ఇచ్చి మోకాలిని మెల్లగా వంచి, లోపలి అతుకులను విడదీసే వీలుంటుంది; ఆ తర్వాత అవి గట్టిపడతాయి. మీకు అది అవసరమని నేను అనడం లేదు. ఉన్నదానికంటే అయిదు డిగ్రీలు పెరిగింది కూడా. కానీ ఈ వారమే సర్జన్‌ను కలిసి కొలిపించుకోండి. మరొక ప్రశ్న నాది: ఆపరేషన్ కోసం ఆపిన కీళ్ళవాతం మందులు ఏవైనా ఉంటే, తిరిగి మొదలుపెట్టారా? ఇంజెక్షన్‌గా ఇచ్చే బయోలాజిక్ మందులను గాయం మానాక, సుమారు రెండు వారాలకు మళ్ళీ ఇస్తారు. చాలామంది ఆపిన సంగతే మరచిపోతారు; దానితో మణికట్లు, చీలమండలు వాచి, వాకరు పట్టుకోవడమే కష్టమై, వ్యాయామం కుంటుపడుతుంది.

ఇక పీటల సంగతి. మామూలు నడకకు 65, 70 డిగ్రీల వంపు చాలు, మెట్లకు 85 నుంచి 100 కావాలి, కుర్చీలోంచి లేవడానికి 95 దాకా కావాలి. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడానికి 120 దాటాలి. నాలుగు నెలల్లో మీరు అక్కడికి చేరతారని మాట ఇవ్వలేను, ఆ కోరికతో కాలిని బలవంతంగా వంచడం మంచిదీ కాదు. పీటకు బదులు మోకాలి ఎత్తు ఆసనం వేయించండి, ఇద్దరికీ ఒకే ఎత్తున. పురోహితుడికి, మండపం వేసేవారికి ముందే చెబితే జీలకర్ర బెల్లం దగ్గర నుంచి తలంబ్రాల దాకా ఏదీ ఆగదు. పెళ్ళివారికి కూడా ముందుగా, మీ నోటితోనే చెప్పడం మేలని నా అభిప్రాయం. మండపంలో ఎవరో గుసగుసగా చెప్పుకోవడం కంటే అది ఎంతో గౌరవం.

కీలు ఎన్నాళ్ళన్న దానికి నిజమే చెబుతాను. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్ళ తర్వాత కూడా నిలిచి ఉన్నాయి. కానీ ఆ లెక్కలో ఉన్నవారిలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ పరిశీలనలో, 70 దాటాక చేయించుకున్నవారికి జీవితకాలంలో మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 5 శాతం ఉండగా, యాభై దాటిన తొలి ఏళ్ళలో చేయించుకున్న పురుషులకు 35 శాతం ఉన్నట్టు తేలింది. 29లో చేయించుకున్న మీరు జీవితంలో కనీసం ఒక్కసారైనా మార్పించుకోవలసి వస్తుందని లెక్క వేసుకోవడమే వివేకం. పరుగు, గెంతులు మాని నడక, ఈత, సైకిలు ఎంచుకోవడం, బరువు అదుపులో ఉంచుకోవడం ఆ రోజును దూరం జరుపుతాయి.

మోకాలు కాన్పుకు అడ్డు కాదు. అడ్డు వచ్చేది మందులు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది; మీరు దాన్ని వాడుతుంటే, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం మూడు నెలల ముందే మీ రుమటాలజిస్టు (కీళ్ళవాతం వైద్యుడు) సలహాతో మార్చాలి. అటువంటిదే మరో మందు లెఫ్లునమైడ్ అయితే శరీరంలోంచి బయటికి పంపడానికి ప్రత్యేక చికిత్స కూడా కావాలి. అంతవరకు గర్భనిరోధం తప్పనిసరి. ఈ మాట పెళ్ళికి ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: వయసు 37. ప్రమాదంలో దెబ్బతిన్న కుడి మోకాలికి నాలుగు వారాల క్రితం మార్పిడి జరిగింది. కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం. ఎప్పుడు తిరిగి వెళ్ళవచ్చు?
– ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: కుడికాలు బ్రేకు కాలు. సాధారణంగా ఆరు వారాలు దాటాక, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మానేశాక, ఆగి ఉన్న కారులో ఉన్నట్టుండి బ్రేకు గట్టిగా తొక్కి చూసి నొప్పి లేదని తేలాక, మీ సర్జన్ అనుమతితో నడపవచ్చు. అయితే రోజంతా స్టీరింగు ముందు కూర్చునే ఉద్యోగానికి మూడు నెలల సెలవు అడగమని నా సలహా. విమాన ప్రయాణం తేదీని కూడా సర్జన్‌తోనే ఖాయం చేసుకోండి; తొలి వారాల్లో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. విమానంలో కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ, గంటకొకసారి లేచి నడవండి. విమానాశ్రయంలో లోహపరీక్ష యంత్రం మోగుతుంది కనుక, అమర్చిన కీలు వివరాల స్టిక్కరు అంటించిన డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉన్నది చేతిసంచిలో పెట్టుకోండి. ఎప్పుడో మళ్ళీ ఆపరేషన్ అవసరమైతే సర్జన్ మొదట అడిగేదీ ఆ స్టిక్కరునే.