రోమన్ వెండి నాణెం కొనేముందు ఆ ఇద్దరు పిల్లల్ని చూడు

చిన్నా,

లండన్‌లో రోమన్ వెండి నాణెం కొనబోతున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నీకు ఈ నాలుగు మాటలు రాయాలని ఉంది. ధర సంగతి తర్వాత, ముందు బొమ్మ చదవడం నేర్చుకోరా.

నా మాట విని మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ డినారియస్‌తో మొదలుపెట్టు, డినారియస్ అంటే వాళ్ల వెండి నాణెమే. గాయస్, లూసియస్‌ల బొమ్మ ఉన్నది అని అడుగు, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ టంకశాలలో క్రీ.పూ. 2 ప్రాంతం నుంచి కొట్టారు, ఇప్పటికీ బాగానే దొరుకుతుంది. ముందువైపు అగస్టస్ తల. వెనక్కి తిప్పితే టోగాలు (రోమన్లు ఒంటికి చుట్టుకునే వస్త్రం) కప్పుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల మధ్య డాళ్లు, ఈటెలు, పైన పూజలో వాడే గరిటె, శకునాలు చూసే పూజారి పట్టుకునే వంకీ కర్ర. వాళ్లు అగస్టస్ కూతురి కొడుకులు, తాతే దత్తత తీసుకుని నా తర్వాత వీళ్లే అని ఊరూరా తెలిసేలా నాణెం మీదికి ఎక్కించాడు. లూసియస్ క్రీ.శ. 2లో పోయాడు, గాయస్ 4లో పోయాడు.

ఇప్పుడు దాని పక్కన, అగస్టస్ తర్వాత చక్రవర్తి అయిన టిబేరియస్ డినారియస్ పెట్టి చూడు. వెనక రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ (ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు). ఆ పిల్లలు బతికుంటే ఈయన ముఖం నాణెం మీదికి వచ్చేదా? అవి పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఈ ఇద్దరు చక్రవర్తుల డినారియస్‌లే ఒక్కచోట 1,500కు పైగా దొరికాయి తెలుసా!

నాణెం మీది లాటిన్ అక్షరాలు చూసి కంగారుపడకు. ఉ పలికే చోట వాళ్లు V చెక్కేవాళ్లు, F ఒక్కటే ఉంటే ఫిలియస్, అంటే కొడుకు. లైటు పక్కనుంచి పడేలా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పు, అరిగిన గీత కూడా లేచి కనిపిస్తుంది.

అంచు తప్పకుండా చూడాలి. చుట్టూ అతుకు గీత ఉంటే పోతపోసిన నకిలీ అనుకో, లోపల రాగి కనిపిస్తే వెండి పూత నాణెం, అలాంటివి ఆ రోజుల్లోనే చేశారు. అగస్టస్, టిబేరియస్‌ల కాలం డినారియస్ 3.5 నుంచి 3.9 గ్రాములు తూగాలి. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద రాసివ్వని షాపులో కొనకు. ఇండియా నుంచి తెప్పిస్తామని ఎవరైనా అంటే అసలే వద్దు, వందేళ్లు దాటిన నాణేలను మనలాంటివాళ్లు దేశం దాటించడం నేరం.

ఇంకోటి, నల్లగా ఉందని తోమకు. నా మొదటి డినారియస్‌ను చింతపండుతో తోమేశాను, తళతళా మెరిసింది, రెండు వేల ఏళ్లు పట్టిన ఆ నలుపు మళ్లీ రాలేదు, ఇప్పటికీ బాధే.

కొన్నాక రెండు వైపులా ఫొటో తీసి పంపు, అంచు ఫొటో కూడా.

పెదనాన్న